ప్రతి కాలమ్‌కూ ఇండెక్స్ పెట్టినా సెర్చ్ ఎందుకు కదలడం లేదు?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హనుమకొండ. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణానికి తక్‌పట్టీలు, అంటే రైతుకు ఇచ్చే అమ్మకం లెక్క చీటీలు, రాసే సాఫ్ట్‌వేర్ నేనే చూసుకుంటున్నాను. కోడ్ పీహెచ్‌పీలో, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8.0. 2015 నుంచి ఉన్న లెక్కలన్నీ ఒకే టేబుల్‌లో ఉన్నాయి, 12 లక్షల రికార్డులు దాటాయి. మిర్చి సీజన్‌లో రైతు వచ్చి ఫోన్ నంబర్ చెప్తే పాత పట్టీలు తీయడానికి అర నిమిషం పైనే పడుతోంది. తేదీల వరుసలో చూపించమంటే ఇంకా లేటు. వెనక లైన్‌లో ఉన్నవాళ్లు లొల్లి చేస్తున్నారు. ఇండెక్సులు పెడితే స్పీడ్ అవుతుందని చదివి దాదాపు ప్రతి కాలమ్‌కూ ఒకటి పెట్టాను, మొత్తం 14. సెర్చ్ అట్లాగే ఉంది. పైగా ఇప్పుడు కొత్త పట్టీ సేవ్ చేసినా ఆగి ఆగి అవుతోంది. సేటు కొత్త కంప్యూటర్ కొందామంటున్నాడు. కొంటే సరిపోతుందా? టేబుల్ నిర్మాణం, రోజూ వాడే క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) దీంతో పాటు పంపుతున్నాను.

జవాబు: తమ్ముడూ, కొత్త కంప్యూటర్ సంగతి కాసేపు పక్కన పెట్టు. నువ్వు పంపిన క్వెరీలు చూస్తే జబ్బు మెషీన్‌లో లేదని తెలిసిపోతోంది. టేబుల్‌లో ఏయే కాలమ్‌లు ఉన్నాయో చూసి ఇండెక్సులు పెట్టావు. చూడాల్సింది కౌంటర్ దగ్గర రోజూ ఏం అడుగుతున్నారు, ఏ వరుసలో చూపించమంటున్నారు అన్నది. ఇండెక్స్‌ను ఒక్కో ప్రశ్న కోసం కట్టుకోవాలి. ప్రశ్న చూడకుండా కట్టినవి 14 ఉన్నా 40 ఉన్నా సెర్చ్‌కు అక్కరకు రావు, సేవ్‌కు మాత్రం అడ్డం పడతాయి.

ఎన్నికలప్పుడు పోలింగ్ బూత్‌లో ఉండే ఓటరు జాబితా చూసే ఉంటావు. అది ఇళ్ల వరుసలో ఉంటుంది, ప్రతి ఓటరుకూ ఒక క్రమ సంఖ్య. ఆ సంఖ్య తెలిస్తే వెంటనే దొరుకుతుంది. పేరు ఒక్కటే తెలిస్తే మొదటి పేజీ నుంచి వేలు పెట్టి చదువుకుంటూ పోవాల్సిందే. ఎవరైనా ఓపిక చేసి ఇంకో కాగితం మీద పేర్లన్నీ అక్షర క్రమంలో రాసి, ఒక్కో పేరు ఎదురుగా క్రమ సంఖ్య వేసి పెడితే ఆ బాధ పోతుంది. ఆ రెండో కాగితమే ఇండెక్స్. మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచిపెట్టే భాగమైన ఇన్నోడీబీ చేసేది ఇదే. అసలు టేబుల్ ప్రైమరీ కీ (ఓటరు క్రమ సంఖ్య లాంటిది) వరుసలో ఉంటుంది. మనం పెట్టే ప్రతి ఇండెక్సూ ఆ కాలమ్ విలువలను వరుసగా పేర్చుకుని, ఒక్కో విలువ పక్కన ప్రైమరీ కీ రాసుకుంటుంది. కొత్త ఓటరు చేరితే రెండో కాగితాన్నీ సవరించాలి కదా, 14 కాగితాలుంటే 14 చోట్ల సవరించాలి. నీ సేవ్ బటన్ ఎక్కడ ఆగుతోందో ఇప్పుడు అర్థమైంది అనుకుంటా.

లోపల ఉన్న నిర్మాణం పేరు బీ-ట్రీ. బోయింగ్‌లో పనిచేస్తున్నప్పుడు రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ అనే ఇద్దరు దీన్ని తయారు చేశారు, వాళ్ల పేపర్ 1972లో అచ్చయింది. డిస్క్ నుంచి చదవడమే అన్నిటికంటే నిదానమైన పని కాబట్టి, ఒక్కసారి చదివితే వీలైనన్ని ఎక్కువ విలువలు చేతికి వచ్చేలా దాన్ని కట్టారు. ఇన్నోడీబీలో ఒక్కసారి చదివే ముక్కను పేజీ అంటారు, మామూలుగా అది 16 కిలోబైట్లు. ఫోన్ నంబర్ లాంటి చిన్న విలువలు ఒక పేజీలో వందల కొద్దీ పడతాయి. అందుకే 12 లక్షల్లో ఒక నంబర్‌ను ఇండెక్స్‌లో మూడు పేజీలు, అసలు టేబుల్‌లో ఇంకో మూడు నాలుగు పేజీలు చదివి పట్టుకోవచ్చు. కంటి రెప్ప వేసేలోపు అయిపోవాల్సిన పని అర నిమిషం పడుతోందంటే మైఎస్‌క్యూఎల్ నీ ఇండెక్స్ ముట్టుకోవడం లేదన్నమాట.

ముట్టుకుంటోందో లేదో ఊహించాల్సిన పని లేదు. క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ అన్న మాట చేర్చి నడుపు. టైప్ అనే చోట ఆల్ అని వస్తే టేబుల్ మొత్తం చదువుతోందని అర్థం. రెఫ్, రేంజ్ లాంటివి వస్తే ఇండెక్స్ పట్టుకున్నట్టు. కీ అనే చోట ఏ ఇండెక్స్ వాడిందో పేరు ఉంటుంది, నల్ అని ఉంటే ఏదీ వాడలేదు. రోస్ దగ్గర కనిపించేది ఎన్ని రికార్డులు చదవాల్సి వస్తుందన్న అంచనా. 8.0.18 నుంచి ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ కూడా ఉంది. అది క్వెరీని నిజంగానే నడిపి ఏ దశలో ఎంత టైమ్ పట్టిందో చెప్తుంది. అర నిమిషం క్వెరీ మీద అది కూడా అర నిమిషం తింటుంది కాబట్టి కాంటాలు నడిచే టైమ్‌లో కౌంటర్ మెషీన్ మీద దాంతో ఆడకు.

ఇప్పుడు నీ మొదటి క్వెరీ. ఫోన్ కాలమ్‌ను వార్‌చార్‌గా (అక్షరాల రకంగా) పెట్టావు, మంచిదే. దానికి ఇండెక్స్ కూడా ఉంది. కానీ పీహెచ్‌పీ కోడ్‌లో ఆ నంబర్‌ను కోట్స్ లేకుండా నేరుగా క్వెరీలో అతికిస్తున్నావు. అంటే ఒక పక్క అక్షరాల కాలమ్, ఇంకో పక్క అంకె. ఇలాంటప్పుడు మైఎస్‌క్యూఎల్ కాలమ్‌లో ఉన్న ప్రతి విలువనూ అంకెగా మార్చి పోలుస్తుంది. ముందు సున్నా ఉన్న నంబర్, ముందు ఖాళీ ఉన్న నంబర్, చివర ఏదో అక్షరం అంటుకున్న నంబర్, మార్చాక ఇవన్నీ ఒకే అంకె అవుతాయి. అక్షరాల వరుసలో పేర్చిన ఇండెక్స్‌లో అవి తలా ఒక చోట ఉంటాయి. కాబట్టి ఇండెక్స్ పనికిరాదు, 12 లక్షలూ మార్చి చూడాల్సిందే. ఎక్స్‌ప్లెయిన్‌లో పాసిబుల్ కీస్ (వాడగలిగిన ఇండెక్సులు) దగ్గర ఫోన్ ఇండెక్స్ పేరు ఉండి, కీ దగ్గర నల్ ఉంటే ఎక్కువ సార్లు కారణం ఇదే. తిరగేసి, అంకెల కాలమ్‌ను కోట్స్‌లో ఉన్న నంబర్‌తో పోలిస్తే ఇబ్బంది లేదు, అప్పుడు మన విలువ ఒక్కటే మారుతుంది.

మందు చిన్నదే. క్వెరీలో విలువను అతికించడం మానేసి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (క్వెరీని, విలువను విడివిడిగా పంపే పద్ధతి) వాడు, ఫోన్‌ను స్ట్రింగ్‌గా, అంటే అక్షరాలుగా, బైండ్ చెయ్యి. పీహెచ్‌పీలో మైఎస్‌క్యూఎల్‌ఐ వాడితే అంకెకు పెట్టే ఐ గుర్తు కాదు, అక్షరాలకు పెట్టే ఎస్ గుర్తు పెట్టాలి. దీంతో స్పీడ్ ఒక్కటే కాదు, సెర్చ్ బాక్స్‌లో ఎవరో ఏదో టైప్ చేసి టేబుల్ ఖాళీ చేసే ప్రమాదం కూడా తప్పుతుంది. రైతుల లెక్కల మీద ఆ తలుపు తెరిచి పెట్టడం అసలు మంచిది కాదు. పనిలో పనిగా పాత నంబర్లలో ముందున్న సున్నాలు, ప్లస్ 91లు, ఖాళీలు తీసేసి అన్నీ పది అంకెలకు తీసుకురా. కొత్తవి సేవ్ చేసేటప్పుడే శుభ్రం చేసి పంపు.

రెండోది తేదీ. ఇది నేను చాలా చోట్ల చూసే జబ్బు. తేదీని 15-02-2024 అని అక్షరాలుగా దాచావు. స్క్రీన్ మీద చూడటానికి బాగానే ఉంటుంది కానీ అక్షరాల వరుసలో 01-03-2024 ముందు వస్తుంది, 15-02-2024 వెనక వస్తుంది. మార్చి ఒకటి ఫిబ్రవరి 15 కంటే ముందన్నమాట! దాన్ని సరిచేయడానికి నువ్వు క్వెరీలో ప్రతిచోటా స్ట్రింగ్ టు డేట్ ఫంక్షన్ చుట్టావు. కాలమ్ చుట్టూ ఫంక్షన్ పడిందంటే దాని ఇండెక్స్ అక్కడితో ఆగిపోయినట్టే. ఇండెక్స్‌లో పేర్చి ఉన్నవి అసలు విలువలు, నువ్వు అడుగుతున్నవి మార్చిన విలువలు. అందుకే వెతకడానికీ వరుస పెట్టడానికీ రెండింటికీ టేబుల్ మొత్తం తిరుగుతోంది. 8.0.13 నుంచి ఫంక్షన్ ఫలితం మీదే ఇండెక్స్ పెట్టే వీలుంది కానీ నీ విషయంలో అది అతుకు మాత్రమే అవుతుంది. డేట్ రకం కాలమ్ ఒకటి కొత్తగా చేర్చి, పాత విలువలను ఒక్కసారి మార్చి అందులో నింపు. అక్షరాలుగా 10 బైట్లు తినే తేదీ 3 బైట్లలో సరిపోతుంది. నింపేటప్పుడు 31-02 లాంటి తేదీలు, ఖాళీగా వదిలేసినవి బయటపడతాయి, వాటిని చేత్తో సరిచెయ్యాల్సి వస్తుంది. విసుగు పుట్టే పనే, తప్పదు.

నెల లెక్కలకు ఇయర్, మంత్ ఫంక్షన్లు కూడా వాడావు. వాటిదీ అదే కథ. 2024 ఫిబ్రవరి కావాలంటే ఫిబ్రవరి 1 లేదా ఆ తర్వాత, మార్చి 1 కంటే ముందు అని అడుగు. కాలమ్‌ను ఒంటరిగా వదిలెయ్యి, లెక్కలన్నీ ఇవతలి పక్క చేసుకో.

ఈ రెండూ సరిచేస్తేనే నీ అర నిమిషం సమస్య చాలా వరకు పోతుంది. అయినా ఇండెక్సులు ఎలా కట్టాలన్నది చెప్పకపోతే వచ్చే సీజన్‌కు మళ్లీ ఉత్తరం రాస్తావు.

నీ కౌంటర్ ప్రశ్నల్లో ముఖ్యమైనది ఇది: ఈ రైతు పట్టీలు, కొత్తవి పైన, 20 చూపించు. ప్రస్తుతం రైతు నంబర్‌కు (ఫోన్ కాదు, ఒక్కో రైతును గుర్తించే సంఖ్య) ఒక ఇండెక్స్, తేదీకి ఒక ఇండెక్స్ విడివిడిగా ఉన్నాయి. రెండూ ఉన్నాయి కదా, రెండూ వాడుకుంటుందిలే అనుకున్నావు. అలా జరగదు. ఒకదాంతో వెతికి, ఇంకోదాంతో వరుస పెట్టడం దానికి రాదు. రైతు ఇండెక్స్ పట్టుకుంటే ఆ రైతు పట్టీలన్నీ తెచ్చి విడిగా సార్ట్ చేస్తుంది. అది ఫర్వాలేదు, ఒక రైతుకు ఎన్ని పట్టీలుంటాయి? అసలు ముప్పు ఇంకో దారిలో ఉంది. 20 చాలు అన్నావు కాబట్టి, ఆప్టిమైజర్ (ఏ దారిలో వెతకాలో తేల్చే భాగం) ఒక్కోసారి తేదీ ఇండెక్స్ పట్టుకుని కొత్త నుంచి పాతకు నడుస్తూ ఈ రైతువి 20 దొరికే దాకా చూద్దాం అనుకుంటుంది. రోజూ వచ్చే రైతు అయితే తొందరగా దొరుకుతాయి. 2017 తర్వాత మళ్లీ మీ దుకాణానికి రాని రైతు అయితే ఆ తర్వాతి ఏళ్ల పట్టీలన్నీ తిరగెయ్యాలి. ఒకే క్వెరీ ఒకరికి టక్కున వచ్చి, ఇంకొకరికి వేలాడటం నువ్వు గమనించే ఉంటావు.

రైతు నంబర్, తేదీ రెండూ కలిపి, ఇదే వరుసలో, ఒకే ఇండెక్స్ కట్టు. అందులో ముందు రైతుల వారీగా, ఒక్కో రైతు కింద తేదీల వారీగా అన్నీ పేర్చి ఉంటాయి. మైఎస్‌క్యూఎల్ ఆ రైతు దగ్గరికి వెళ్లి, చివరి నుంచి వెనక్కి 20 చదివి ఆగిపోతుంది. సార్ట్ అన్నదే ఉండదు, ఎక్స్‌ప్లెయిన్‌లో ఎక్స్‌ట్రా అనే చోట యూజింగ్ ఫైల్‌సార్ట్ (విడిగా సార్ట్ చేస్తున్నానన్న మాట) మాయమవుతుంది. కొత్తవి పైన కావాలి కాబట్టి తేదీని డిసెండింగ్‌గా పెట్టాలా అంటే అక్కర్లేదు, ఇండెక్స్‌ను వెనక నుంచి కూడా చదవగలదు. ఒక కాలమ్ పై నుంచి కిందికి, ఇంకోటి కింది నుంచి పైకి కావాలంటేనే ఆ దిశలు ఇండెక్స్‌లోనే చెప్పాలి. 8.0 కంటే ముందు వెర్షన్లు డెస్క్ (డిసెండింగ్) అన్న మాటను తీసుకునేవి కానీ పట్టించుకునేవి కావు.

కలిపి కట్టే ఇండెక్స్‌లో కాలమ్‌ల వరుసే ప్రాణం. రైతు, తేదీ అని కట్టినది ఒట్టి రైతుతో వెతకడానికి పనికొస్తుంది, ఒట్టి తేదీతో వెతకడానికి మామూలుగా పనికిరాదు. కాబట్టి ఈ కొత్తది వచ్చాక పాత ఒంటరి రైతు ఇండెక్స్ దండగ, తీసెయ్యొచ్చు. వరుస ఎలా తేల్చుకోవాలంటే, సమానం గుర్తుతో అడిగేవి ముందు, ఆ తర్వాత వరుస పెట్టే కాలమ్. ఇంత నుంచి అంత దాకా అని అడిగేది చివరికి పోవాలి, ఎందుకంటే అక్కడి నుంచి వెనకున్న కాలమ్‌ల క్రమం చెదిరిపోతుంది.

దీనికి నీ క్వెరీల్లోనే మంచి ఉదాహరణ ఉంది. జెండా పాటలో (మార్కెట్ వేలంలో) పలికిన రేటుతో పోల్చుకోవడానికి సేటు ఆ రోజు తేజ రకం మిర్చి లాట్లను ఎక్కువ రేటు నుంచి తక్కువకు అడుగుతాడు కదా. రకం సమానం, తేదీ సమానం, వరుస రేటు మీద. రకం, తేదీ, రేటు అని మూడూ కలిపి కడితే సార్ట్ లేకుండా వస్తుంది. అదే సేటు వారం మొత్తానికి అడిగితే తేదీ ఇప్పుడు ఒక విలువ కాదు, ఒక మేర. ఇండెక్స్‌లో ఒక్కో తేదీ కింద రేట్లు వరుసలో ఉంటాయి కానీ ఏడు తేదీలు కలిపితే ఆ వరుస ఉండదు. అప్పుడు ఫైల్‌సార్ట్ వస్తుంది, రానివ్వు. పేరులో ఫైల్ ఉందని భయపడకు, చిన్నవైతే మెమరీలోనే సార్ట్ చేసేస్తుంది. వారం లాట్లు వరుస పెట్టడం దానికి ఒక లెక్క కాదు. 12 లక్షలు వరుస పెట్టమంటేనే డిస్క్ మీద తాత్కాలిక ఫైళ్లు తెరుచుకుంటాయి. ప్రతి ఫైల్‌సార్ట్‌ను చంపాలని కూర్చుంటే మళ్లీ 14 ఇండెక్సుల దగ్గరికే వస్తావు.

ఖరీదుదారుల లెక్కకు ఖరీదుదారు, తేదీ కలిపి ఒకటి చాలు. చెల్లించని పట్టీల లిస్టు విషయం కొంచెం ఆలోచించాలి. చెల్లించింది, చెల్లించలేదు అని రెండే విలువలున్న కాలమ్‌కు ఇండెక్స్ దండగ అని పుస్తకాల్లో ఉంటుంది. సగం సగం ఉంటే నిజమే. మీ దగ్గర 12 లక్షల్లో చెల్లించనివి కొన్ని వందలే ఉంటాయి, మీరు వెతికేది కూడా ఎప్పుడూ వాటినే. అక్కడ చెల్లింపు స్థితి, తేదీ కలిపిన ఇండెక్స్ బాగా పనిచేస్తుంది.

జిల్లా కాలమ్ మీద పెట్టిన ఇండెక్స్ మాత్రం చూసి నవ్వొచ్చింది. మీ రైతుల్లో ఎక్కువ మంది నాలుగైదు జిల్లాల వాళ్లే. జిల్లాతో వెతికితే లక్షల్లో వస్తాయి, అన్ని లక్షల సార్లు ఇండెక్స్ నుంచి టేబుల్‌లోకి దూకడం కంటే టేబుల్ నేరుగా చదవడమే నయమని ఆప్టిమైజర్ దాన్ని పక్కన పెడుతుంది. పైగా ఆ కాలమ్‌లో ఉన్నదే నమ్మలేం. పరకాల రైతునే తీసుకో. 2016 అక్టోబర్‌కు ముందు రాసిన పట్టీలో వరంగల్, ఆ తర్వాత వరంగల్ రూరల్, 2021లో పేర్లు, హద్దులు మార్చాక హనుమకొండ. మనిషి ఇల్లు కదలలేదు, జిల్లా రెండు సార్లు మారింది. ఊరికి ఒక నంబర్ ఇచ్చి ఊళ్ల టేబుల్ విడిగా పెట్టు, జిల్లా పేరు అక్కడ ఒక్క చోట మార్చుకుంటే సరిపోతుంది.

రైతులకు కూడా విడి టేబుల్ ఉండాలి. 12 లక్షల పట్టీలంటే 12 లక్షల మంది రైతులు కారు కదా. పేరు, ఫోన్, ఊరు ప్రతి పట్టీలో మళ్లీ మళ్లీ రాస్తున్నావు. రైతుల టేబుల్‌లో ఫోన్ మీద ఇండెక్స్, అక్కడ దొరికిన రైతు నంబర్‌తో పట్టీల టేబుల్‌లోకి. రెండు టేబుళ్లలో ఆ నంబర్ ఒకే రకంగా ఉండాలి, ఒక చోట అంకె, ఇంకో చోట అక్షరాలు పెట్టావంటే ఫోన్ దగ్గర పడ్డ గుంతలోనే మళ్లీ పడతావు.

పేరుతో వెతకడం గురించి. రైతు ఫోన్ మార్చేస్తాడు, పాత నంబర్ గుర్తుండదు, కాబట్టి పేరు సెర్చ్ తప్పదు. నువ్వు కొమురయ్య అన్న మాటకు ముందూ వెనకా పర్సెంట్ గుర్తు (ఇక్కడ ఏ అక్షరాలైనా ఉండొచ్చు అని) పెట్టి లైక్‌తో వెతుకుతున్నావు. వెనక పర్సెంట్ ఉంటే ఫర్వాలేదు. ముందు పెడితే మొదటి అక్షరం ఏంటో తెలియదు, అక్షర క్రమం ఎందుకూ కొరగాదు. ఇలా ఎందుకు చేశావో కూడా అర్థమైంది. పేరు కాలమ్‌లో ఇంటిపేరు ముందు రాసి, పేరు తర్వాత రాశారు. కౌంటర్‌లో పిల్లలు టైప్ చేసేది పేరు ఒక్కటే. ఇంటిపేరు, పేరు రెండు కాలమ్‌లుగా విడదీసి, రైతుల టేబుల్‌లో ఊరు, పేరు కలిపి ఇండెక్స్ పెట్టు. స్క్రీన్ మీద ముందు ఊరు ఎంచుకోవాలి, తర్వాత పేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలు. కొమురయ్యలు మన దగ్గర ఊరికి పది మంది ఉంటారు, ఊరు అడగకుండా వెతికితే స్పీడ్‌గా వచ్చినా ఆ లిస్టు ఎవరికి కావాలి?

తెలుగులో దాచిన పేర్లు బైట్లు ఎక్కువ తింటాయని కూడా గుర్తు పెట్టుకో. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. శ్రీనివాస్ అన్న పేరులో హల్లులు, గుణింతాలు, పొల్లులు విడివిడిగా లెక్కపెడితే 10 గుర్తులు, అంటే 30 బైట్లు. ఇంగ్లిష్ అక్షరాల్లో అదే పేరు 8 బైట్లలో పోతుంది. తెలుగు మానేయమని కాదు, పట్టీ తెలుగులోనే ఉండాలి, రైతు చదువుకోవాలి కదా. పేరును పట్టీల టేబుల్‌లో ఉంచి అక్కడ ఇండెక్స్ పెడితే ఆ బరువు 12 లక్షల సార్లు పడుతుంది, రైతుల టేబుల్‌లో అయితే మనిషికి ఒక్కసారే. టైప్ చేసేవాళ్లకు ఒక చిట్కా చెప్పు: శ్రీనివాస దాకా కొట్టి ఆగితే శ్రీనివాస్, శ్రీనివాసు, శ్రీనివాసులు ముగ్గురూ వస్తారు.

నీ సెర్చ్ ఫారంలో ఇంకో ముడి ఉంది. ఫోన్ ఖాళీ అయినా లేదా ఫోన్ సమానమైనా, పేరు ఖాళీ అయినా లేదా పేరు సమానమైనా అంటూ అన్నిటికీ ఒకే క్వెరీ రాశావు. రాసేవాడికి సుఖం, ఆప్టిమైజర్‌కు నరకం. నింపిన గడులను బట్టి పీహెచ్‌పీలోనే వేర్ భాగాన్ని (క్వెరీలో షరతులు ఉండే చోటు) కట్టి పంపు.

ఇప్పుడు తీసేయడం. హమాలీ ఖర్చు మీద, బస్తాల సంఖ్య మీద ఇండెక్సులు ఎందుకున్నాయి? వాటితో ఎవరైనా ఎప్పుడైనా వెతికారా? అయినా ఒకేసారి నరకొద్దు. 8.0లో ఇండెక్స్‌ను ఇన్‌విజిబుల్ చేసే వీలుంది. అది ఉంటుంది, సవరణలు జరుగుతుంటాయి, క్వెరీలకు మాత్రం కనిపించదు. వారం రోజులు ఎవరూ అరవకపోతే డ్రాప్ చెయ్యి. సేవ్ బరువు తగ్గేది డ్రాప్ చేశాకే. వాడని ఇండెక్సుల లిస్టు, ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయిన ఇండెక్సుల లిస్టు సిస్ అనే స్కీమాలో రెడీగా దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త. వాడని వాటి లెక్క సర్వర్ మొదలైనప్పటి నుంచే. మీరు రాత్రి దుకాణం కట్టేసి కంప్యూటర్ ఆపేస్తే పొద్దున లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పొద్దున్నే చూస్తే అన్నీ వాడనివే అని చెప్తుంది. కాబట్టి సాయంత్రం, ఆపే ముందు చూడు. సీజన్ ముగింపు లెక్కలు తీసే రోజుల్లో కూడా చూడు, ఏడాదికి ఒకసారి తీసే రిపోర్టుకు పనికొచ్చేది ఒకటి ఉండొచ్చు.

పాత పట్టీలను పేజీలుగా చూపించే చోట ఆఫ్‌సెట్ (ఇన్ని వదిలేసి తర్వాతవి ఇవ్వు అనడం) వాడావు. 400వ పేజీ అడిగితే ముందున్న 399 పేజీలు చదివి పారేసి ఆ తర్వాతది ఇస్తుంది. ఎంత మంచి ఇండెక్స్ ఉన్నా ఆ చదువు తప్పదు. చివరగా చూపించిన పట్టీ తేదీ, నంబర్ గుర్తు పెట్టుకుని, వాటికంటే పాతవి 20 అని అడిగితే ఏ పేజీ అయినా ఒకే వేగం.

కంప్యూటర్ సంగతికి వస్తే, ముందు ఇన్నోడీబీ బఫర్ పూల్ (డేటాను ర్యామ్‌లో పెట్టుకునే చోటు) ఎంత ఉందో చూడు. ఎవరూ మార్చకపోతే అది 128 మెగాబైట్లే. టేబుల్, ఇండెక్సులు కలిసి దానికి చాలా రెట్లు ఉంటాయి, అందుకే ప్రతిసారీ డిస్క్ మీదికి పరుగు. డేటాబేస్ ఒక్కటే నడిచే సర్వర్ అయితే ర్యామ్‌లో చాలా భాగం దీనికే ఇస్తారు. మీది బిల్లింగ్, ప్రింటర్ అన్నీ ఒకే మెషీన్ మీద కాబట్టి 8 జీబీ ఉంటే 2 జీబీ ఇచ్చి చూడు. మెషీన్‌లో ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే ఎస్ఎస్‌డీ వేయించు, అది దండగ ఖర్చు కాదు. కొత్త కంప్యూటర్ మాత్రం ఈ పనులన్నీ అయ్యాక కూడా సేటుకు కొనాలనిపిస్తే కొననివ్వు, నేను అడ్డం చెప్పను. ఫోన్ క్వెరీ ఇప్పుడున్నట్టే ఉంటే ఎంత పెట్టి కొన్నా రెండు సీజన్లలో మళ్లీ ఇక్కడికే వస్తారు.

ఇదంతా మార్కెట్ సెలవు రోజున పెట్టుకో. ముందు బ్యాకప్ తీసి, దాన్ని ఇంకో కంప్యూటర్‌లో ఎక్కించి నిజంగా తెరుచుకుంటోందో చూడు. ఇన్నోడీబీలో ఇండెక్స్ కడుతుండగా కూడా సేవ్‌లు మామూలుగా నడుస్తాయి, అయినా లైన్‌లో రైతులు ఉన్నప్పుడు ఆ ప్రయోగం వద్దు. ఫోన్ కోట్స్ సంగతి మొదట, ఎందుకంటే అది కోడ్‌లో ఒక్క లైన్, టేబుల్ ముట్టుకోవక్కర్లేదు, ఫలితం ఆ పూటే కనిపిస్తుంది. తర్వాత తేదీ కాలమ్, ఆ తర్వాత కలిపి కట్టే ఇండెక్సులు. పాతవి తీసేయడం ఆఖరున. ఒక్కో మార్పు తర్వాత ఎక్స్‌ప్లెయిన్ నడిపి ముందుదీ తర్వాతదీ నోట్‌బుక్‌లో రాసుకో. స్లో క్వెరీ లాగ్ (నిదానంగా నడిచిన క్వెరీలను రాసిపెట్టే చోటు) ఆన్ చెయ్యి. దాని హద్దు మామూలుగా 10 సెకన్లు ఉంటుంది, దాన్ని 1 సెకనుకు దించు. నువ్వు చెప్పని క్వెరీలు ఇంకేమైనా ఉంటే అందులో పడతాయి. అప్పటికీ ఏదైనా వేలాడితే ఆ క్వెరీ, దాని ఎక్స్‌ప్లెయిన్ ఫలితం, షో క్రియేట్ టేబుల్ ఇచ్చే అవుట్‌పుట్, ఈ మూడు పంపు. ఈసారి టేబుల్‌తో పాటు రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు పంపకు తమ్ముడూ. క్వెరీ చూడటానికి నాకు అవి అక్కర్లేదు.